పింకు చీటీకి పన్ను మినహాయింపు వస్తుందా? స్కూలు ఫీజులు, తల్లికి వందనం, ఉచిత సీటు

కొర్లగుంట_నాన్న
జూలై 13, 2025, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఇన్‌కమ్‌టాక్సు గురించి తెలిసినోళ్ళుంటే కొంచెం చెప్పండి.

మా పాప ఈ ఏడు ఒకటో తరగతి. తిరుపతిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో చేర్పించినాము. పేరొద్దులెండి. మొత్తం 62,000 కట్టినా. రెండు కాయితాలిచ్చినారు. తెల్లది రసీదు. సీలు, నంబరు, సంతకం అన్నీ ఉండాయి, దాంట్లో ట్యూషన్ ఫీజు 22,000. రెండోది పింకు చీటీ. దాని మీద స్కూలు పేరు కూడా లేదు. డెవలప్‌మెంట్ 9,000, యాక్టివిటీ 6,500, బస్సు 14,000, పుస్తకాలూ యూనిఫారమూ 10,500 అని బాల్‌పెన్నుతో రాసి, కింద గీత గీసి 40,000 అని కూడినారు. ఈ నలభై వేలూ క్యాషే తీసుకున్నారు.

నేను రేణిగుంట దగ్గర కంపెనీలో పని చేస్తాను. ఏడాదికి 7.6 లక్షలు వస్తాది. మా ఆఫీసులో ఒకాయన "పిల్లల ఫీజుకి టాక్సులో తగ్గింపు ఉంది, రసీదులు దాచిపెట్టుకో" అన్నాడు. 62,000కూ వస్తుందా, 22,000కేనా? తల్లికి వందనం మాకు వస్తుందా? మొన్న ఒకటో తరగతి వాళ్ళకి రెండో విడత వేసినారంటే మా ఆవిడ రోజూ బ్యాంకు మెసేజీ చూసుకుంటా ఉంది.

లెక్కలమావ
జూలై 13, ఉదయం 11:03

తమ్ముడూ, ఇరవై రెండేండ్లుగా ఆడిటర్ ఆఫీసులో గుమాస్తా పని చేస్తున్నా కాబట్టి చెప్తాను. బాధపడొద్దు.

ఇన్‌కమ్‌టాక్సు చట్టంలో 80సి అనే సెక్షన్ కింద పిల్లల ట్యూషన్ ఫీజుకి మినహాయింపు ఉన్నమాట నిజమే. ఒకరికి ఇద్దరు పిల్లల దాకా. ప్లేస్కూలు కూడా లెక్కే. అయితే ట్యూషన్ ఒకటే. డెవలప్‌మెంటు, డొనేషను, బస్సు, పుస్తకాలు ఏవీ రావు. అంటే నీ తెల్లకాయితంలో ఉన్న 22,000 మాత్రమే. అది కూడా పీఎఫ్‌తో, ఎల్‌ఐసీతో కలిపి లక్షన్నర లోపల ఇమడాలి.

అసలు సంగతేమంటే, పన్ను లెక్కకి రెండు పద్ధతులుండాయి, 80సి ఉండేది పాత పద్ధతిలో. ఇప్పుడు అడక్కపోతే వర్తించేది కొత్త పద్ధతి, అందులో 80సి లేదు. పోనీ పాతదానికి పోదామా అంటే లెక్క చూడు. 7.6 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్ళందరికీ తీసేసేది) 50,000, 80సి కింద లక్షన్నర నిండుగా తీసేసినా 5.6 లక్షలు మిగిలింది. దానికి పన్ను 24,500, సెస్సుతో 25,480. కొత్త పద్ధతిలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 6.85 లక్షలు. 2024-25కి 7 లక్షల దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది, నీ పన్ను సున్నా. 2025-26 నుంచి ఆ రిబేటు 12 లక్షలకు పెంచినారు గాబట్టి ఇంకా సున్నానే.

రసీదు అటక మీద పెట్టుకో. పాప పెద్దయ్యాక చూసి నవ్వుకుంటుంది.

కొర్లగుంట_నాన్న
జూలై 13, ఉదయం 11:20

అంటే పన్ను పడేంత ఆదాయం లేదు కాబట్టి తగ్గింపు లేదు. ఆదాయం ఉంది కాబట్టి తల్లికి వందనం లేదు. అంతేనా మామా?

లెక్కలమావ
జూలై 13, ఉదయం 11:26

అంతే. నువ్వు గుమ్మంలో నిలబడుకున్నావు. ఇంట్లోనూ లేవు, వీధిలోనూ లేవు.

టౌన్లో నెలకి 12,000, పల్లెలో 10,000 దాటితే తల్లికి వందనం రాదు. ఇంకా ఉండాయి: కారు ఉంటే రాదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు. మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట దాటకూడదు, కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు, టౌన్లో వెయ్యి చదరపడుగుల ఇల్లు దాటకూడదు, ఇంట్లో సర్కారు ఉద్యోగి గానీ ఇన్‌కమ్‌టాక్సు కట్టేవాడు గానీ ఉండకూడదు.

గ్రీమ్స్‌పేట_శీను
జూలై 13, మధ్యాహ్నం 12:41

మావా, ఇంకో దారి ఉంది గదా. ఆ పింకు చీటీ 40,000ని స్కూలు ట్రస్టు పేరు మీద డొనేషన్ రసీదుగా రాయించుకుంటే 80జి కింద దానాలకిచ్చే మినహాయింపు వస్తాది. మా చిత్తూర్లో ఒకాయన అట్లా చేసినాడని విన్నా.

లెక్కలమావ
జూలై 13, మధ్యాహ్నం 12:58

శీనూ, అట్లాంటి సలహాలిచ్చి మనిషిని నోటీసుల పాలు చెయ్యొద్దప్పా. సీటు కోసం ఇచ్చింది దానం ఎట్లా అవుతుంది? 2,000 మించి నగదుగా ఇస్తే 80జి రాదు. దానం తీసుకున్న ట్రస్టు ఇప్పుడు దాత పాన్ నంబరుతో సహా డిపార్ట్‌మెంటుకి లెక్క పంపాల, 10బీఈ అనే సర్టిఫికెట్ ఇయ్యాల. పేరే వేసుకోని పింకు చీటీ ఇచ్చేవాడు ఇవన్నీ చేస్తాడా? పైగా అది కూడా పాత పద్ధతిలోనే. ఈయనకి పన్నే లేదని పొద్దున్నించీ చెప్తా ఉంటే!

ఇంకోటి కూడా చెప్పేస్తా, మీకు నవ్వొస్తుంది. జీతంలో పిల్లల చదువు అలవెన్సు అని ఉంటే దానికి మినహాయింపు ఎంతో తెలుసా? నెలకి నూరు రూపాయలు, ఒక్కో బిడ్డకి. హాస్టల్లో ఉంటే మూడు నూర్లు. పెన్సిల్ చెక్కుకునే మర కూడా సరిగ్గా రాదు.

ఫ్రిస్కో_తిరుపతోడు
జూలై 13, సాయంత్రం 6:35

ఇక్కడ పొద్దున కాఫీ తాగుతా చదివినాను. మాది లీలామహల్ దగ్గర, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాము. ఇదే విషయం మీద ఇక్కడ కూడా రచ్చ నడస్తా ఉంది, అందుకని రాస్తున్నా.

మొన్న జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లులో స్కూలు స్కాలర్‌షిప్పులకి పన్ను క్రెడిట్ పెట్టినారు. 2027 నుంచి అమలు. స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థకి నేను 1,700 డాలర్ల దాకా విరాళమిస్తే, నేను కట్టాల్సిన పన్నులో అంతకంత తీసేస్తారు. ఆ సంస్థ ఆ డబ్బుని పిల్లల ప్రైవేటు స్కూలు ఫీజుకో ఇంకో చదువు ఖర్చుకో ఇస్తుంది. రాష్ట్రం ఒప్పుకుంటేనే ఆ రాష్ట్రంలో వర్తిస్తుంది.

లెక్కలమావకి తెలిసిందే గానీ మిగతావాళ్ళ కోసం: మినహాయింపు వేరు, క్రెడిట్ వేరు. మినహాయింపు అంటే మామిడికాయల మండీలో తరుగు తీసినట్టు, తూకంలోంచి పోతుంది. ఇరవై శాతం పన్ను కట్టేవాడికి వంద రూపాయల మినహాయింపు వల్ల మిగిలేది ఇరవై. క్రెడిట్ అంటే చివర్న బిల్లు మొత్తంలోంచే వంద కొట్టేసినట్టు. నా జేబులోంచి పైసా పోకుండానే నేను దాతనైపోతాను. పుణ్యం నాది, పైకం సర్కారుది.

ఇది కాక టెక్సాస్‌లో మే నెలలో ఇంకో చట్టం వచ్చింది. వంద కోట్ల డాలర్లు పక్కన పెట్టి 2026-27 నుంచి ప్రైవేటు స్కూలుకి పోయే పిల్లకి సుమారు పది వేల డాలర్లు ఖాతాలో వేస్తారంట. అడిగేవాళ్ళు ఎక్కువైతే వికలాంగ పిల్లలకీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకీ ముందు. మా వీధిలో సగం మంది తెలుగువాళ్ళమే. మేమందరం ఇల్లు కొన్నదే ఇక్కడి గవర్నమెంటు స్కూలు బాగుందని! ఊర్లో ఉన్నప్పుడు ప్రైవేటు, ఇక్కడికొచ్చి గవర్నమెంటు. మా నాయన ఫోన్లో ఇదే అడుగుతాడు, "అదేందిరా, అంత సంపాదించి సర్కారు బడికా?" అని.

మామిడితోట
జూలై 13, రాత్రి 8:10

తరుగు మాట ఎత్తినావు, నా కడుపు మండింది సామీ. మాది బంగారుపాళ్యం పక్కన. ఈసారి తోతాపురి కిలోకి ఫ్యాక్టరీ ఎనిమిది, గవర్నమెంటు నాలుగు, మొత్తం పన్నెండు అని చెప్పినారు. ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టరు రెండు దినాలు నిలబెట్టుకోని ఉండా. టోకెన్ వచ్చేలోపల కింద కాయ నల్లబడిపోయింది.

మాకు ఇద్దరు బిడ్డలు, ఇద్దరూ వ్యానెక్కి ఇంగ్లీషు మీడియం పోతారు. తల్లికి వందనం ఇద్దరికీ పడింది, అబద్ధం చెప్పకూడదు. ఒక్కొక్కరికీ 15,000 అన్నారు, బడి నిర్వహణకని 2,000 పట్టుకోని 13,000 పడింది. ఇద్దరికీ కలిపి 26,000. అది లేకపోతే ఈ ఏడు పిల్లోళ్ళని మళ్ళా ఊరి బడికే పంపించేవాణ్ణి. మీరు పన్నులు, క్రెడిట్లు అంటా ఉండారు, నాకు అవేమీ తెలీదు. నాకు తెలిసిందంతా జూన్ నెల. కాయలు గేటు ముందర, ఫీజు కౌంటరు ముందర, రెండూ ఒకే వారంలో.

పూతలపట్టు_టీచరమ్మ
జూలై 13, రాత్రి 9:22

రిటైరై ఆరేళ్ళయింది. మాటల్లో పంతులమ్మ వాసన వస్తే క్షమించండి.

టెక్సాస్ దాకా పోనక్కర్లేదు. ప్రైవేటు బడిలో ఫీజుకి చెల్లే ఓచరు తల్లిదండ్రులకి ఇస్తే ఏమవుతుందనేది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే పరీక్ష పెట్టి చూసినారు. 2008లో మొదలుపెట్టి నాలుగేళ్ళు, 180 గ్రామాల్లో. ముందు ఊర్లకు లాటరీ, ఆ తర్వాత ఓచరు ఇచ్చే ఊళ్ళలో పిల్లలకు లాటరీ. చీటీ తగిలిన పిల్లకి ఫీజు, పుస్తకాలు, బట్టలు అన్నీ ఓచర్లోనే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసినారు, 2015లో అచ్చయింది.

నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో గవర్నమెంటు బడి పిల్లలకీ ఓచరు మీద ప్రైవేటుకి పోయిన పిల్లలకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రైమరీ బడిలో హిందీ చెప్పనే చెప్పరు. తెలుగుకీ లెక్కలకీ ప్రైవేటు బడి కేటాయించే సమయం తక్కువ, మిగిలిన సమయం ఇంగ్లీషుకీ హిందీకీ సైన్సుకీ పోతుంది. వాళ్ళు పోయినందువల్ల మిగిలిపోయిన పిల్లలకి నష్టమూ కనబడలేదు.

ఇది చదివినప్పుడు నాకు ఒక పక్క సంతోషం, ఇంకో పక్క సిగ్గు. మేమేమీ తీసిపోలేదని సంతోషం. సిగ్గెందుకంటే, ప్రైవేటు బడి ఒక్కో పిల్లకి పెట్టే ఖర్చు మా బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదని అందులోనే రాసినారు.

చిన్నబడి_కరస్పాండెంట్
జూలై 13, రాత్రి 9:50

టీచరమ్మా, ఆ చివరి వాక్యం చాలు నాకు. పటం కట్టించి ఆఫీసు గదిలో పెట్టుకుంటా. మూడో వంతు ఖర్చుతో అంతే చదువు చెప్పినాము, పైన హిందీ ఊరికే.

పూతలపట్టు_టీచరమ్మ
జూలై 13, రాత్రి 10:04

పటం కట్టించేముందు ఆ మూడో వంతు ఎట్లా సాధ్యమైందో కూడా రాయించు నాయనా. మీ బడిలో పాఠాలు చెప్పే అమ్మాయిలకి నెలకెంత ఇస్తారు?

చిన్నబడి_కరస్పాండెంట్
జూలై 13, రాత్రి 10:31

దాచేదేముంది, తొమ్మిది వేలు. ఒకరికి పదకొండు. మీరు సర్వీసులో తీసుకున్నదానితో పోల్చితే నాకే తల వంచుకోవాలనిపిస్తుంది. కానీ నా మాట కూడా వినండి.

మాది చిత్తూరు పక్కన మండలంలో, 140 మంది పిల్లలు, ఫీజు 14,000. అందరూ మమ్మల్నీ పింకు చీటీల వాళ్ళనీ ఒకే గాటన కడతారు. మా దగ్గర ఫీజు ఎప్పుడు వస్తుందో తెలుసా? అమ్మ ఖాతాలో డబ్బు పడినప్పుడు. 2020 జనవరిలో మన చిత్తూర్లోనే అమ్మఒడి (తల్లికి వందనానికి ముందున్న పథకం) మొదలుపెట్టినారు, నేను ఆ సభకి పోయినా. ప్రైవేటు బడి పిల్లల తల్లులకీ ఇస్తామన్నప్పుడు మా కరస్పాండెంట్లందరం మిఠాయిలు పంచుకున్నాము. 2020, 2021 జనవరుల్లో పడింది. ఆ తర్వాత జనవరి కాదు జూన్ అన్నారు. 2022 జూన్, 2023 జూన్. ఆ తర్వాత? మళ్ళా 2025 జూన్‌లోనే. మధ్యలో 2024 జూన్ గుండు సున్నా. తల్లులు "డబ్బు పడగానే కడతాము సార్" అనడానికి అలవాటుపడినారు. పడలేదు. ఆ వేసవిలో మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి టీచర్లకి జీతాలిచ్చినా.

ఫీజు నియంత్రణ మాట ఎవరైనా తెస్తారని ముందే చెప్తున్నా. 2021 ఆగస్టులో జీవో 53 వచ్చింది. పంచాయతీల్లో ప్రైమరీకి 10,000, తిరుపతి లాంటి కార్పొరేషన్లో 12,000, హైస్కూలుకి అక్కడ 18,000. పెద్ద స్కూలుకీ చిన్న స్కూలుకీ ఒకే రేటు. అదే డిసెంబర్లో హైకోర్టు కొట్టేసింది. ఆ జీవో బతికుంటే కొర్లగుంట అన్నకి 62,000 రాసినవాళ్ళు పింకు చీటీ కాకుండా పచ్చచీటీ కూడా అచ్చేయించేవాళ్ళు.

బైరాగిపట్టెడ_లక్ష్మి
జూలై 14, ఉదయం 6:50

నేను ఎప్పుడూ చదివి ఊరకుంటాను. ఇప్పుడు రాయాలనిపించింది.

మా బాబు రైట్ టు ఎడ్యుకేషన్ సీటు మీద చదువుతున్నాడు. ఇప్పుడు మూడో తరగతి. 2023లో సచివాలయంలో అప్లై చేసినాను, లాటరీలో మా ఇంటికి అర కిలోమీటర్లో ఉండే పెద్ద స్కూలే వచ్చింది. నేను బ్లౌజులు కుడతాను, ఆ స్కూలు టీచర్లవి కూడా నా దగ్గరికే వస్తాయి. ఆ రోజు మిషను ఆపేసి వీధంతా చెప్పుకున్నా.

సీటు ఉచితమని అనుకున్నాము. ఫీజు గవర్నమెంటు లెక్క ప్రకారం టౌన్లో 8,000, అది అమ్మఒడి డబ్బులోంచి మీరే కట్టాలని స్కూల్లో చెప్పినారు. సరే పడినాక కడదామనుకున్నా. కరస్పాండెంటు సార్ చెప్పినట్టు 2024లో అది పడనే లేదు. డైరీలో ఎర్ర ఇంకుతో "ఫీజు బకాయి" అని రాసి పంపించినారు. మావాడికి అప్పుడే చదవడం వచ్చింది. కూడబలుక్కుంటా "ఫీ...జు బ...కా...యి" అని చదివి, "అమ్మా బకాయి అంటే ఏంది, నాకు స్టారా?" అని అడిగినాడు.

ఆరు జాకెట్ల డబ్బు, చీటీ పాట డబ్బు కలిపి కట్టేసినా. పుస్తకాలు వేరే, బూట్లు వేరే.

ఈ ఏడు తల్లికి వందనం కూడా రాలేదు. సచివాలయంలో చూస్తే నా పేరు మీద కరెంటు 300 యూనిట్లు దాటిందంట. మేముండేది ఒక గది. ఇంటి ఓనరుకి ఐదు పోర్షన్లు, ఒక మీటరు నా ఆధారుకి ఎట్లా కలిసిందో తెలీదు. ఆ మీటరు మీద కింద జిరాక్స్ అంగడి కూడా ఉంది.

లెక్కలమావ
జూలై 14, ఉదయం 7:15

లక్ష్మమ్మా, ఇది మొదట చెయ్యాల్సిన పని. కరెంటాఫీసుకి పోయి ఆ సర్వీసు నంబరు నీ ఆధార్ నుంచి తీసేయమని అర్జీ ఇయ్యి. ఓనర్ని వెంట తీసకపోతే మేలు, అద్దె కాయితం ఉంటే ఇంకా మేలు. వాళ్ళు మార్చినాక సచివాలయంలో గ్రీవెన్స్ పెట్టించు. అర్జీ నంబరు రాసుకో, నోటిమాట మీద రావద్దు. చానా మందికి ఇదే తంటా. నిన్న మా ఆఫీసుకి వచ్చినావిడకి చచ్చిపోయిన మామగారి మోటారు మీటరు ఆమె పేరు మీద ఉంది.

గ్రీమ్స్‌పేట_శీను
జూలై 14, ఉదయం 8:02

అక్కా, ప్రైవేటు స్కూళ్ళలో పేదపిల్లలకని చెప్పే ఆ 25 శాతం సీట్లు నిజంగా ఇస్తారా? మా పక్కింటోళ్ళు అప్లై చేస్తే "అది మైనారిటీ స్కూలు, మాకు వర్తించదు" అన్నారంట.

పూతలపట్టు_టీచరమ్మ
జూలై 14, ఉదయం 9:40

మైనారిటీ సంస్థ అయితే వర్తించని మాట నిజమే, 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మిగతా ప్రైవేటు బడులు ఇయ్యాల్సిందే. విద్యాహక్కు చట్టం 2009 నాటిది, సెక్షన్ 12(1)(సి). 2012లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తీర్పిచ్చింది. మన రాష్ట్రంలో అమలుకి వచ్చేసరికి 2022-23 అయింది. మన దగ్గర ఆ 25లో అనాథలు, హెచ్‌ఐవీ బాధితుల పిల్లలు, వికలాంగ పిల్లలకి 5, ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, మిగతా బలహీనవర్గాలకి 6.

నాకు ఇందులో కనబడే చిక్కు ఒకటుంది. ఈ సీటు ఒకటో తరగతిలో ఇస్తారు. డబ్బు కట్టే పిల్లలు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అక్కడే చదివి అప్పటికే ఇంగ్లీషులో పద్యాలు అప్పజెప్తా ఉంటారు. లక్ష్మి కొడుకు లాంటివాళ్ళు అంగన్‌వాడీ నుంచి నేరుగా వాళ్ళ మధ్యలో కూచోవాల. మూడేళ్ళు ఆలస్యంగా బస్సెక్కి ముందు సీటు కావాలంటే ఎట్లా? లక్ష్మీ, మీవాడు ఎట్లా నెగ్గుకొచ్చినాడు?

బైరాగిపట్టెడ_లక్ష్మి
జూలై 14, ఉదయం 10:15

మొదటి ఆరు నెలలు ఏడుపే టీచర్. పక్కింటి డిగ్రీ అమ్మాయి దగ్గర ట్యూషన్ పెట్టినా, నెలకి 300. ఉచిత సీటుకి ట్యూషన్ ఏందని మా ఆయన అన్నాడు. ఇప్పుడు బాగానే చదువుతాడు. హిందీ కూడా చదువుతాడు.

ఫ్రిస్కో_తిరుపతోడు
జూలై 14, సాయంత్రం 7:20

లక్ష్మి అక్క రాసింది చదివి మా ఆవిడకి చూపించినా.

ఓచర్ల ఆలోచన కొత్తది కాదు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే రాసినాడు, డబ్బు బడికి కాదు తల్లిదండ్రుల చేతికియ్యండి, వాళ్ళే బడిని ఎంచుకుంటారు అని. ఇక్కడ మిల్వాకీలో 1990లో పేద పిల్లల కోసం మొదలైంది. 2022లో అరిజోనా రాష్ట్రం అందరికీ ఇచ్చేసింది, ఆదాయం లెక్క లేకుండా. చేరినవాళ్ళలో చాలామంది అప్పటికే ప్రైవేటు స్కూల్లో ఫీజు కట్టుకుంటున్నవాళ్ళేనని అక్కడ పెద్ద గొడవ.

అంటే నాకు అర్థమైంది, సాయం ఎవరికి అనేదానికి రెండు దార్లూ ముళ్ళే. మనవాళ్ళలాగా ఆరు జల్లెళ్ళు పట్టితే లక్ష్మి అక్క జిరాక్స్ అంగడి మీటరుకి చిక్కుకుంటుంది. అరిజోనా లాగా జల్లెడే తీసేస్తే ఈత కొలను ఉన్న ఇంటివాడు కూడా చెయ్యి చాపుతాడు.

చిన్నబడి_కరస్పాండెంట్
జూలై 14, రాత్రి 8:45

నా ఉద్దేశంలో జల్లెడ కాదు ముఖ్యం, తేదీ ముఖ్యం. పదివేలియ్యి, ఎనిమిదివేలియ్యి, జూన్ 12న బడి తెరిచేలోపల ఇయ్యి. లేదా నేరుగా బడి ఖాతాలో వెయ్యి. కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంట్ తల్లి ఖాతాలో వేసేది పోయి ఇప్పుడు కాలేజీకే వేస్తామంటున్నారు గదా, మాకెందుకు వెయ్యకూడదు?

మామిడితోట
జూలై 14, రాత్రి 9:05

మీ ఖాతాలో వేస్తే మాకు ఆ 26,000 కంటికి కూడా కనబడదు సార్. ఇప్పుడు మీరు ఫీజు పెంచితే "బిడ్డని మాన్పిస్తా" అని గట్టిగా అడగతా ఉండా, ఎందుకంటే దుడ్డు నా పెండ్లాం పాసుబుక్కులో ఉండాది. మీ పాసుబుక్కులో పడినాక నన్ను కుర్చీలో కూడా కూచోబెట్టరు.

చిన్నబడి_కరస్పాండెంట్
జూలై 14, రాత్రి 9:11

మా బడిలో కుర్చీ ఒకటే ఉంది అన్నా, వచ్చినోళ్ళకే ఇస్తాము.

పూతలపట్టు_టీచరమ్మ
జూలై 14, రాత్రి 9:48

మామిడితోట అన్న మాటకి నా ఓటు. డబ్బు తల్లి చేతిలోంచి పోతేనే ఆమె గేటు దాటి లోపలికొచ్చి నిలదీస్తుంది. కాకపోతే ఒకటి ఒప్పుకోవాల. గేటు దాటి వచ్చి అడగడానికి మా సర్కారు బడికి వాళ్ళు డబ్బు కట్టలేదు, అందుకే ఎవరూ రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో పేరెంట్స్ మీటింగ్‌కి పది మంది దాటిన రోజు నాకు గుర్తు లేదు.

కొర్లగుంట_నాన్న
జూలై 19, సాయంత్రం 5:30

వారం దినాలు డ్యూటీ షిఫ్టులు, ఇప్పుడు చదివినా అంతా.

పన్ను కోసం కాదుగానీ, మామ చెప్పినాక నాకు ఆ పింకు చీటీ మింగుడు పడలేదు. స్కూలుకి పోయి కౌంటర్లో అమ్మాయిని అడిగినా, దీనికి కూడా సీలు వేసియ్యండి అని. ఆ అమ్మాయి చీటీ తిప్పి చూసి, వెనక పెన్సిల్‌తో "ప్రిన్సిపాల్ సార్ క్యాబిన్" అని రాసిచ్చింది. క్యాబిన్లో ముప్పావు గంట కూచోబెట్టినారు. చివరికి బస్సుకి 14,000, పుస్తకాలకీ యూనిఫారానికీ 10,500 వేర్వేరు రసీదులిచ్చినారు. డెవలప్‌మెంటు, యాక్టివిటీ 15,500కి మాత్రం "సిస్టమ్‌లో ఆ హెడ్డు లేదు సార్" అన్నారు. పింకు చీటీ తిరిగియ్యమన్నారు, ఇయ్యలేదు నేను.

బయటికొస్తా ఉంటే వెనకాల నిలబడిన ఇద్దరు తండ్రులు కూడా పింకు చీటీలు బయటికి తీస్తా ఉన్నారు.

లెక్కలమావ
జూలై 19, సాయంత్రం 6:02

భలే పని చేసినావు. ఫోటో తీసి పెట్టుకో, పింకు సిరా వేగంగా వెలిసిపోతుంది.

బైరాగిపట్టెడ_లక్ష్మి
జూలై 19, రాత్రి 8:30

మావయ్యా, ఓనరమ్మ వచ్చింది కరెంటాఫీసుకి. మీటరు నా ఆధార్ నుంచి తీసేసినారు. గ్రీవెన్స్ పెట్టినా, నంబరు ఇచ్చినారు, పరిశీలనలో ఉంది అని చూపిస్తా ఉంది. స్కూలు వాళ్ళకి ఆ కాయితం జిరాక్స్ తీసి ఇచ్చినా, అదే కింద అంగట్లో. రెండు రూపాయలు తీసుకున్నాడు.

మామిడితోట
జూలై 19, రాత్రి 9:15

మాకు ఫ్యాక్టరీ దుడ్డు ఇంగా రాలేదు. వ్యాను ఫీజు మాత్రం అడగతా ఉండారు. లక్ష్మమ్మా, మీ స్కూల్లో రెండో టర్మ్ ఎప్పుడంటాండారు?

బైరాగిపట్టెడ_లక్ష్మి
జూలై 19, రాత్రి 9:20

దసరా సెలవులకి ముందే కట్టేయాలంట అన్నా.